హతుల పక్షాన ఆరు నవలలు



ఒక నేరం జరగడం, చేసినదెవరో తెలియకపోవడం, పరిశోధకుడు ఒక్కొక్క ఆధారాన్నీ కూర్చుకుంటూ చివరికి దోషిని పట్టుకోవడం అనే మూడు దశల మీద నడిచే కథను తెలుగులో చాలాకాలంగా అపరాధ పరిశోధన నవల అని వ్యవహరిస్తున్నారు. డిటెక్టివ్ నవల అన్నా అదే. ఇటువంటి నవల చదవడం ముగించిన వారిని చుట్టుపక్కల వారు అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే ఉంటుంది: హంతకుడెవరో చివరిదాకా తెలియకుండా రచయిత దాచగలిగాడా లేదా? ఆ ప్రశ్న న్యాయమైనదే గాని, నవల విలువను తేల్చడానికి అదొక్కటే చాలదు. దాచిన సంగతి ఒకసారి బయటపడిన తరువాత ఆ ప్రశ్నకు పని ఉండదు. కొన్ని నవలలు మాత్రం ఆ తరువాత కూడా పాఠకుణ్ణి మళ్లీ పిలుస్తూనే ఉంటాయి. అలా పిలిచే శక్తి ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవడానికి వేరొక కొలత అవసరమవుతుంది.

ఈ ప్రసంగం ప్రతిపాదించే కొలత ఇది. హత్య జరిగిన మరుక్షణం నుంచి కథ దృష్టి అంతా హంతకుడి తెలివి మీదికీ, దాన్ని మించిన పరిశోధకుడి తెలివి మీదికీ మళ్లిపోతుంది. ప్రాణం పోగొట్టుకున్న మనిషి మాత్రం తాళం వేసిన గదిలో ఒక శవంగా, పోలీసు కాగితాల్లో ఒక పేరుగా మిగిలిపోతాడు. ఆ మనిషికి రచయిత ఎంత చోటు ఇచ్చాడు, అతను పోయినందువల్ల లోకంలో ఏర్పడిన వెలితిని ఎంతవరకు చూపించాడు అనేదే ఆ కొలత. ఈ దృష్టితో చదివిన ఆరు ప్రసిద్ధ నవలల గురించి, వాటి గొప్పతనాన్నీ లోపాన్నీ దాచకుండా, ఇక్కడ వివరించడం జరుగుతుంది. ఇంకా చదవని వారి హక్కును గౌరవించి, ఏ నవలలోనూ అసలు రహస్యాన్ని బయటపెట్టడం లేదు.

మొదటిది విల్కీ కాలిన్స్ రాసిన 'ది మూన్‌స్టోన్'. 1868లో చార్లెస్ డికెన్స్ నడిపిన 'ఆల్ ది ఇయర్ రౌండ్' పత్రికలో ఇది ధారావాహికగా వెలువడింది. ఇంగ్లీషులో పూర్తిస్థాయి అపరాధ పరిశోధన నవలలకు దారి వేసిన రచనల్లో దీనికి మొదటి వరుసలో స్థానం ఉంది. కథ 1799లో శ్రీరంగపట్నం ముట్టడితో మొదలవుతుంది. టిపూ సుల్తాన్ మరణించిన ఆ యుద్ధంలో హైదరాబాదు నిజాం సేనలు కూడా ఆంగ్లేయుల పక్షాన నిలిచాయి కనుక, ఆ ఘట్టం తెలుగువారి చరిత్రకు దగ్గరిదే. కోట కూలిన గందరగోళంలో హెర్న్‌కాసిల్ అనే ఆంగ్ల అధికారి, ముగ్గురు భారతీయుల ప్రాణాలు పోయిన చోటి నుంచి, చంద్రదేవుడి విగ్రహానికి చెందిన పసుపుపచ్చని వజ్రాన్ని అపహరిస్తాడు. అతను ఆ వజ్రాన్ని మేనకోడలు రేచెల్‌కు చెందేలా మరణశాసనం రాస్తాడు. అది ఆమె పుట్టినరోజున చేతికి అందుతుంది, ఆ రాత్రే మాయమవుతుంది. కథలోని వజ్రానికి కోహినూరు చరిత్ర కొంత ఆధారమని కాలిన్స్ ముందుమాటలో చెప్పుకున్నాడు. కృష్ణాతీరంలోని కొల్లూరు గనుల్లో కోహినూరు దొరికిందనే ప్రతీతి తెలుగునాట బలంగా ఉంది కనుక, ఆ మాట ఇక్కడి పాఠకుడికి మరింత ఆసక్తి కలిగిస్తుంది.

పరిశోధన అనే పనిని కాలిన్స్ ఎంత నిశితంగా చూపించాడో తెలియడానికి ఒక్క ఘట్టం చాలు. రేచెల్ గది తలుపు మీద కొత్తగా వేసిన రంగుబొమ్మల్లో ఒకచోట తడి రంగు చెరిగి మరక పడి ఉంటుంది. మొదట వచ్చిన స్థానిక పోలీసు అధికారి, పనివాళ్ల బట్టలు తగిలి చెరిగిందని దాన్ని తోసిపుచ్చుతాడు. తరువాత లండన్ నుంచి వచ్చిన సార్జెంట్ కఫ్ మాత్రం ఆ మరక దగ్గరే ఆగుతాడు. రంగు ఆరడానికి ఎంత సేపు పడుతుంది, చెరగకముందు దాన్ని చివరిసారిగా చూసినదెవరు, ఇంట్లో ఎవరి బట్టకు ఆ రంగు అంటి ఉండాలి అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసుకుంటూ, దొంగతనం జరిగిన వేళను ఆ చిన్న మరకతోనే నిర్ధారిస్తాడు. నేర పరిశోధనలో అల్పమైన వస్తువంటూ ఏదీ లేదన్న సూత్రాన్ని ఈ ఘట్టం తరువాతి రచయితలందరికీ నేర్పింది.

ఈ నవలలో పాఠకుణ్ణి నిజంగా కదిలించే పాత్ర రోసన్నా అనే పనిమనిషి. ఒకప్పుడు దొంగతనానికి శిక్ష అనుభవించి, అంగవైకల్యంతో, ఎవరి ప్రేమకూ నోచుకోక బతికి, చివరికి సముద్రపు ఒడ్డున ఊబిలో కలిసిపోయిన ఆ యువతికి కాలిన్స్ ఒక సుదీర్ఘమైన ఉత్తరం రాసే అవకాశం ఇచ్చాడు. మరణం తరువాత బయటపడిన ఆ ఉత్తరం ద్వారా ఆమె తన కథను తానే చెప్పుకుంటుంది. ధనికుల ఇంట పోయిన వజ్రం కన్నా ఆ ఇంట పోయిన దాసి ప్రాణం విలువైనదని నవల అక్కడ స్పష్టంగా ప్రకటిస్తుంది. లోపం మరోచోట ఉంది. వజ్రం కోసం ఇంగ్లండు దాకా వచ్చిన ముగ్గురు బ్రాహ్మణులను, 1857 తిరుగుబాటు జరిగి పదకొండేళ్లయినా గడవని రోజుల్లో, కాలిన్స్ దుర్మార్గులుగా కాకుండా నిష్ఠాపరులుగా చిత్రించడం సాహసమే. అయినా కథను వంతులవారీగా చెప్పే అనేకమంది కథకుల్లో వారిలో ఒక్కరికీ చోటు లేదు, కనీసం పేర్లు కూడా లేవు. పనిమనిషికి గొంతు ఇచ్చిన రచయిత ఆ ముగ్గురికీ ఇవ్వలేకపోయాడు.

రెండవది అగాథా క్రిస్టీ 1926లో ప్రచురించిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్'. ఇది రెండు ప్రపంచ యుద్ధాల నడుమ వికసించిన ఆటలాంటి పరిశోధన నవలకు చెందినది. పరిశోధకుడికి దొరికిన ప్రతి ఆధారమూ పాఠకుడికీ కనిపించాలి, ఏదీ చాటుగా ఉంచుకోకూడదు అన్నది ఆ ఆటకు మూలసూత్రం. మతాచార్యుడూ రచయితా అయిన రోనాల్డ్ నాక్స్ 1929లో ఇటువంటి నియమాలను పదింటిగా క్రోడీకరించాడు. అంతకు మూడేళ్ల ముందే వచ్చిన ఈ నవల, ఆ నియమాలను పాటించిందా, మీరిందా అన్న వాదాన్ని విమర్శకుల మధ్య రగిలించింది. నిష్పాక్షికంగా చూస్తే క్రిస్టీ పాఠకుణ్ణి మోసగించలేదనే చెప్పాలి. హత్య జరిగిన గదిలో గోడ దగ్గర ఉండవలసిన పెద్ద కుర్చీ ముందుకు జరిగి ఉండడం, తరువాత ఎవరో దాన్ని వెనక్కు నెట్టడం వంటి వివరాలు పాఠకుడి కళ్ల ముందే ఉంటాయి. వాటిని చదివి దాటిపోవడం పాఠకుడి అశ్రద్ధే. రెండోసారి చదివినప్పుడు ఆ నిజాయితీ వాక్యవాక్యానా కనిపిస్తుంది, ఆనందం రెట్టింపవుతుంది.

అయితే పైన చెప్పిన కొలత దగ్గర ఈ నవల తడబడుతుంది. హతుడైన ఆక్రాయిడ్ ఊళ్లో పేరున్న ధనవంతుడు. అతని వీలునామా, అతని ఇంటి తాళాలు, అతనికి వచ్చిన ఉత్తరం కథకు కావాలి గాని, అతనే కథకు అక్కరలేదు. అతను పోయినందుకు మనసారా దుఃఖించినవారు ఆ ఇంట్లో దాదాపుగా కనిపించరు. అంతకన్నా ముందే, బెదిరింపులకు డబ్బు చెల్లించి చెల్లించి విసిగి నిద్రమాత్రలు మింగిన ఫెరర్స్ అనే వితంతువు వేదనలో నిజమైన విషాదం ఉన్నా, కథ అక్కడ నిలవకుండా సాగిపోతుంది. నవలకు ప్రాణం పోసేది ఆ ఊరి వైద్యుడి అక్క కెరొలైన్. ఇల్లు కదలకుండానే ఊరి వార్తలన్నీ సేకరించే ఆ పాత్ర తరువాతి కాలంలో తాను సృష్టించిన పరిశోధకురాలు మిస్ మార్పుల్‌కు మూలం కావచ్చునని క్రిస్టీ స్వయంగా అభిప్రాయపడింది. కూర్పులో ఈ నవలకు సాటి వచ్చేవి తక్కువ. కరుణ విషయంలో మాత్రం ఇది పొడిగా ఉంది.

మూడవది జోసఫీన్ టే 1951లో ప్రచురించిన 'ది డాటర్ ఆఫ్ టైమ్'. ఇందులో పరిశోధన జరిగేది నాలుగు వందల ఏళ్లకు పైగా పాతబడిన నేరం మీద. కాలు విరిగి ఆసుపత్రి మంచం మీద ఉన్న ఇన్‌స్పెక్టర్ అలెన్ గ్రాంట్‌కు, ఇంగ్లండు రాజు మూడవ రిచర్డ్ చిత్రపటం ఒకటి కంటబడుతుంది. అన్న కొడుకులైన ఇద్దరు బాల రాకుమారులను లండన్ టవర్ కోటలో చంపించాడని చరిత్ర నిందించిన రాజు అతడు. ఆ ముఖంలో క్రూరత్వం కనిపించక, గ్రాంట్ ఒక యువ పరిశోధకుడి సాయంతో పాత పత్రాలను తిరగేస్తాడు. రిచర్డ్‌ను దుర్మార్గుడిగా స్థిరపరచిన రచన థామస్ మోర్‌ది కాగా, 1485లో రిచర్డ్ యుద్ధభూమిలో మరణించేనాటికి మోర్ చిన్న పిల్లవాడని గ్రాంట్ గుర్తించే ఘట్టం ఈ నవలకు ఆయువుపట్టు. చూసిన సాక్షి మాటకూ, విన్నది రాసినవాడి మాటకూ మధ్య ఉన్న భేదాన్ని ఇంత సులభంగా బోధించిన పుస్తకాలు అరుదు. చరిత్ర విద్యార్థులు తప్పక చదవదగిన నవల ఇది.

కానీ దీని తీర్పును యథాతథంగా అంగీకరించడం కష్టం. ముఖం చూసి స్వభావం చెప్పగలమన్న నమ్మకంతో మొదలైన విచారణ, తనకు అనుకూలమైన పత్రాలకు ఎక్కువ బరువునిస్తూ సాగి, రిచర్డ్‌ను విడుదల చేసిన వేగంతోనే అతని తరువాత రాజైన ఏడవ హెన్రీని బోనులో నిలబెడుతుంది. ఒకరి మీద పడ్డ అభాండాన్ని తుడవడానికి ఇంకొకరి మీద మోపడం న్యాయశోధన అనిపించుకోదు. అంతకన్నా ముఖ్యమైన లోటు, ఇంత వాదోపవాదం నడుమ ఆ ఇద్దరు పిల్లలు కనిపించకపోవడం. పన్నెండేళ్ల బాలుడూ, అతని తొమ్మిదేళ్ల తమ్ముడూ కోటలో ఆ రోజులను ఎలా గడిపి ఉంటారన్న ఆలోచనకు నవలలో చోటు చాలా తక్కువ. నిందితుడి గౌరవం నిలబడిందేమో గాని, పిల్లలు రెండోసారి కూడా చరిత్ర చీకట్లోనే ఉండిపోయారు.

నాలుగవది జపాను రచయిత సెయిచో మత్సుమోతో 1958లో పుస్తకంగా వెలువరించిన నవల; ఇంగ్లీషులో 'పాయింట్స్ అండ్ లైన్స్' పేరుతో లభిస్తుంది. ఫుకువోకా నగరం చేరువలో కషీ సముద్రతీరాన ఒక ప్రభుత్వ ఉద్యోగీ, ఒక భోజనశాల పరిచారికా పక్కపక్కనే శవాలై కనిపిస్తారు. ప్రేమికులు కలిసి ప్రాణాలు తీసుకున్నారని అందరూ నిర్ణయించేస్తారు. టొరిగాయ్ అనే పాతకాలపు స్థానిక డిటెక్టివ్‌కు మాత్రం చనిపోయినవాడి జేబులో దొరికిన ఒక చిన్న కాగితం నిద్ర పట్టనివ్వదు. రైలు భోజనపు పెట్టెలో ఇచ్చిన ఆ రసీదు మీద ఒక్కరే తిన్నట్టు ఉంటుంది. చావడానికి కలిసి బయలుదేరిన జంటలో మగవాడు ఒంటరిగా ఎందుకు తిన్నాడు? ఆకలి లేకపోయినా మనసిచ్చినవాడికి తోడుగా వెళ్లి కాఫీ అయినా తాగదా అని టొరిగాయ్ ఇంటికి వెళ్లి, పెళ్లి కుదరబోతున్న సొంత కూతురిని అడిగి తెలుసుకుంటాడు. పోలీసు విచారణ ఒక సామాన్యమైన ఇంటి భోజనవేళలోకి ప్రవేశించిన ఆ ఘట్టం, ఈ ఆరు నవలల్లోనూ అత్యంత సహజమైన పరిశోధన ఘట్టమని చెప్పవచ్చు.

తరువాతి భాగమంతా రైళ్ల టైంటేబుల్ మీద నడుస్తుంది. తోక్యో స్టేషనులో పదమూడవ ప్లాట్‌ఫారం నుంచి పదిహేనవ ప్లాట్‌ఫారం మీది రైలు, మధ్యలో వేరే రైళ్లు అడ్డు లేకుండా, సాయంత్రం నాలుగే నాలుగు నిమిషాలు కనిపిస్తుంది. సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లోనే సాక్షులు ఆ జంటను చూడడం యాదృచ్ఛికమా, ఏర్పాటా అన్నది ప్రశ్న. నేరం జరిగిన వేళ నిందితుడు మరెక్కడో ఉన్నాడని చూపే సాక్ష్యాన్ని అలిబీ అంటారు. అంతటి పకడ్బందీ అలిబీని ఒక్కొక్క నిమిషంగా విప్పే పని ఈ నవలలో అద్భుతంగా సాగుతుంది. ఒప్పుకోవలసిన బలహీనత ఏమంటే, తోక్యో డిటెక్టివ్ మిహారాకు చాలాసేపటి దాకా తట్టని ఒక విషయం నేటి పాఠకుడికి ఎంతో ముందుగానే తడుతుంది. అయినా నవల కుంగిపోదు. ప్రభుత్వ శాఖలో లంచాల వ్యవహారం బయటపడే సమయంలో కింది ఉద్యోగి ప్రాణం ఎందుకు పోతుంది, పైవారి కుర్చీలు ఎందుకు కదలవు అన్న ప్రశ్నను మత్సుమోతో ముడి కన్నా పైన నిలబెట్టాడు. నేరానికి మూలం వ్యక్తి దుర్మార్గంలోనే గాక వ్యవస్థలో కూడా వెతికే ఈ పద్ధతిని జపాను విమర్శకులు సామాజిక ధోరణి అని పిలిచారు, దానికి ప్రధాన ప్రతినిధిగా మత్సుమోతోను గుర్తించారు.

ఐదవది కూడా జపానుదే. కీగో హిగషినో 2005లో ప్రచురించిన ఈ నవల ఇంగ్లీషులో 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'గా ప్రసిద్ధి పొందింది. నావోకీ పురస్కారం అందుకుంది. దీని ఆధారంగా 2023లో హిందీలో 'జానే జాన్' చిత్రం వచ్చింది. ఇందులో హత్యా, చేసినవారూ మొదటి అధ్యాయంలోనే తెలిసిపోతారు. వేధించడానికి వచ్చిన మాజీ భర్తను యసుకో అనే స్త్రీ కూతురితో కలిసి చంపుతుంది. పక్క ఇంట్లో ఉండే గణిత ఉపాధ్యాయుడు ఇషిగామి, మాటల్లో ఎన్నడూ చెప్పని ప్రేమతో, వారిని కాపాడడానికి పూనుకుంటాడు. కనుక ఇక్కడ దాగి ఉన్నది దోషి పేరు కాదు, దోషిని దాచిన పద్ధతి. ఇషిగామి పాత సహాధ్యాయి, భౌతిక శాస్త్రవేత్త యుకావా ఆ పద్ధతిని ఛేదించే క్రమం ఎంత బిగువుగా ఉంటుందంటే, చివరి పుటల దాకా చదవకుండా పుస్తకం మూయడం కష్టం. పజిల్‌గా చూస్తే ఇటీవలి దశాబ్దాల నవలల్లో దీన్ని మించినది పేర్కొనడం సులభం కాదు.

అందుకే ఈ నవల పట్ల అభ్యంతరాన్ని కూడా అంతే స్పష్టంగా చెప్పవలసి ఉంది. రహస్యం విప్పకుండా ఇంతవరకు చెప్పవచ్చు: ఒక మనిషి త్యాగాన్ని చూసి కన్నీరు పెట్టమని నవల పాఠకుణ్ణి కోరుతుంది, ఆ కన్నీటి కోసం మరొకరికి న్యాయంగా దక్కవలసిన జాలిని పక్కన పెట్టేస్తుంది. పుస్తకం మూసిన తరువాత నిదానంగా ఆలోచించిన పాఠకుడికి, అంత గొప్పగా కనిపించిన ప్రేమ ఎవరి ఖర్చు మీద నిలబడిందో అర్థమవుతుంది. ఆ ప్రశ్నను నవలే గట్టిగా వేసి ఉంటే ఇది మహత్తరమైన రచన అయ్యేది. వేయకపోవడం వల్ల ఇది అసాధారణమైన నిర్మాణంగా నిలిచింది.

ఆ ప్రశ్నను వేసిన నవల అంతకు దాదాపు నూట నలభై ఏళ్ల ముందే వచ్చింది. ఆరవదైన దోస్తొయేవ్‌స్కీ 'నేరము – శిక్ష', 1866లో ఒక రష్యన్ పత్రికలో ధారావాహికగా వెలువడింది. ఇది పరిశోధన నవల కోవకు చెందకపోయినా, విచారణాధికారి పొర్ఫీరీ ఉన్నాడు, ఆధారాలున్నాయి, అనుమానాలున్నాయి. పేద విద్యార్థి రస్కోల్నికోవ్ తన సిద్ధాంతం ప్రకారం లోకానికి పనికిరాని వడ్డీవ్యాపారి ముసలమ్మను చంపుతాడు. అదే సమయంలో అనుకోకుండా లోపలికి వచ్చిన ఆమె చెల్లెలు లిజవేతాను కూడా చంపుతాడు. ఏ పాపమూ ఎరుగని లిజవేతాకు అతని సిద్ధాంతంలో చోటు లేదు, అతని ఆలోచనల్లోకి కూడా ఆమె తరచుగా రాదు. మామూలు రచయిత అయితే ఆమెను అక్కడే వదిలేసేవాడు. దోస్తొయేవ్‌స్కీ వదలలేదు. రస్కోల్నికోవ్ కోరికపై సోన్యా అనే యువతి బైబిలు చదివి వినిపించే ప్రసిద్ధ ఘట్టంలో, ఆ పుస్తకాన్ని సోన్యాకు తెచ్చి ఇచ్చినది లిజవేతాయేనని తెలుస్తుంది. సోన్యా మెడలో వేసుకునే శిలువ కూడా స్నేహానికి గుర్తుగా లిజవేతా మార్చుకున్నదే. తాను చంపిన మనిషి ఇచ్చిన పుస్తకం నుంచే హంతకుడు ఓదార్పు వెతుక్కోవలసి వచ్చింది. హతురాలిని కథలోకి తిరిగి తెచ్చిన తీరుల్లో ఇంతకన్నా శక్తిమంతమైనది కనిపించదు. ఈ నవలలోనూ ఒక లోపం ఉంది: ముసలమ్మ పట్ల ఇటువంటి శ్రద్ధ లేదు, ఆమె చివరిదాకా పిసినిగొట్టు బొమ్మగానే ఉండిపోయింది. ఉపసంహార భాగంలో వచ్చే పరివర్తన కూడా కొంత తొందరపాటుగా తోస్తుంది.

తెలుగునాట ఈ చర్చకు ప్రత్యేకమైన అవసరం ఉంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఒకప్పుడు లెక్కలేనంత మంది తెలుగువారికి చదివే అలవాటు నేర్పారు. అద్దెకు తెచ్చుకుని ఒక్క రాత్రిలో చదివి మర్నాడు తిరిగి ఇచ్చిన ఆ పుస్తకాల పట్ల కృతజ్ఞత చాలామందిలో ఉంది గాని, సాంఘిక నవలలకు దక్కినంత శ్రద్ధగల విమర్శ వాటికి దక్కలేదు. కాలక్షేపం అన్న ఒక్క మాటతో వాటిని పక్కన పెట్టడం సరికాదు. ప్రపంచ సాహిత్యంలోని పరిశోధన నవలలకు పెట్టిన కొలతే వాటికీ పెట్టి, ఏ నవలలో హతుడు మనిషిగా కనిపించాడు, ఎక్కడ కేవలం కథ నడపడానికి ఉపయోగపడ్డాడు అని పరిశీలిస్తే, వాటిలో నిలిచేవేవో, నిలవనివేవో తేలుతుంది. ఈ పరిశీలన పుస్తకాలకే పరిమితం కానక్కరలేదు. నిజజీవితంలో జరిగిన హత్యల వార్తలను కూడా హంతకుడి పథకం చుట్టూ, పోలీసుల చాకచక్యం చుట్టూ వరుస కథనాలుగా వినిపించే అలవాటు పెరిగిన ఈ రోజుల్లో, పోయిన మనిషి ఎవరు అని ముందుగా అడిగే పాఠకులు, ప్రేక్షకులు తయారు కావడం సమాజానికి మేలు చేస్తుంది.

చివరగా, ఈ ఆరింటికీ ఒక వరుస నిర్ణయించవలసి వస్తే, మొదటి స్థానం నిస్సందేహంగా 'నేరము – శిక్ష'కే దక్కుతుంది. పరిశోధన నవలల వరకే చూస్తే మత్సుమోతో నవల అందరికన్నా ముందుంటుంది. ముడి కొంచెం వదులైనా, చనిపోయిన చిన్న ఉద్యోగి పక్షాన అది నిలబడింది. రోసన్నా ఉత్తరం కోసం 'ది మూన్‌స్టోన్' దాని వెంటనే వస్తుంది. కూర్పు కోసం హిగషినో నవలనూ, నిజాయితీతో కూడిన ఆట కోసం క్రిస్టీ నవలనూ, చరిత్రను ప్రశ్నించడం నేర్చుకోవడానికి టే నవలనూ ఆ తరువాత చదవవచ్చు. ఈ తరహా నవలలను ఇంతవరకు ముట్టుకోని శ్రోతలెవరైనా ఉంటే, వారు మత్సుమోతోతో మొదలుపెట్టడం మంచిది. ఆ నవల చిన్నది, భాష తేలికైనది. పైగా, ఒక మామూలు మనిషి మరణం మీద అందరూ తేల్చేసిన మాటను నమ్మకుండా, ఇంకొక్క ప్రశ్న అడగవలసిన బాధ్యత మిగిలినవారిదేనని అది నేర్పుతుంది.